పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన

తమిళదేశంలో స్థిరపడిన తెలుగువారి చరిత్ర ఎత్తుకున్నప్పుడు మనం మామూలుగా మధుర నాయకరాజులతో మొదలుపెడతాము. తిరుమల నాయకుడు మహలు కట్టించాడనీ, రాణి మంగమ్మ బాటలు వేయించి చెట్లు నాటించి సత్రాలు పెట్టించిందనీ పిల్లలకు చెప్పుకుంటాము. అవి తప్పక చెప్పుకోవలసిన సంగతులే. కాని వారందరూ గొప్ప రాజ్యాలను ఏలినవారు. ఈ ఉగాది సంచికలో మేము మరొక తరహా మనిషిని స్మరింపదలచాము. ఆయన కట్టించిన మహలు ఎక్కడా లేదు. ఆయన ఉన్నది మట్టికోట. దానినికూడా శత్రువులు పడగొట్టి చదును చేశారు. అయినప్పటికీ మధురలోగాని, కోయంబత్తూరులోగాని ఏ తమిళ సోదరుని అడిగినా ఆయన పేరు చెప్పగలడు. ఆయనే వీరపాండ్య కట్టబొమ్మన. ఆయన ఇంటిభాష తెలుగు అన్న సంగతి మాత్రం చాలామంది ఎరుగరు. మన పిల్లలలోకూడా చాలామంది ఎరుగరు. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఊరు, వంశము

పాంచాలంకురిచ్చి నేటి తూత్తుకుడి జిల్లాలో ఒట్టపిడారం ప్రక్కన ఉన్న చిన్న పల్లె. అక్కడికి సముద్రం పదిహేను మైళ్ళలోపే. వానలు తక్కువ. ఆ ప్రాంతమంతా నల్లరేగడి, ముళ్ళ తుప్పలు, తాటిచెట్లు. ప్రత్తి, జొన్న, సజ్జ పండించుకొని బ్రతికే మెట్టసీమ అది. తీరానికి వెళితే వేరే లోకం. అక్కడ ముత్యాలు తీసేవారు, శంఖాలు తీసేవారు, ఉప్పు పండించేవారు. తూత్తుకుడి రేవు మొదట పోర్చుగీసువారి చేతిలో ఉండి, 1658లో డచ్చివారి చేతికి వచ్చింది. ఆ రేవుకు దక్షిణంగా అలలు తాకేచోట తిరుచెందూరు సుబ్రహ్మణ్యస్వామి కోవెల ఉన్నది. ఈ సముద్రమూ, ఈ కోవెలా మన కథలో మళ్ళీ వస్తాయి.

ఇంత దూరంలో తెలుగువారి కోట ఎట్లా వెలసింది? 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మధుర రాజ్యాన్ని చక్కబెట్టినప్పుడు, ఆయన దళవాయి అరియనాథ మొదలియారు దేశాన్ని 72 పాలెములుగా ఏర్పాటు చేశాడని చెబుతారు. ఒక్కొక్క పాలెగారు తన సీమలో అడవి కొట్టించి సాగుచేయించాలి. దొంగల భయం లేకుండా కావలి కాయాలి. రాజు పిలిచినప్పుడు సైన్యంతో రావాలి. ఏటేటా కప్పం కట్టాలి. ఈ పాలెగార్లలో తమిళులూ ఉన్నారు, తెలుగువారూ ఉన్నారు. ఆ తెలుగువారిలో ఒక ముఖ్యమైన శాఖ రాజకంబళం నాయకులు. కంబళి పరచి, దానిమీద కూర్చుండి పెద్దలు తీర్పు చెప్పడం వారి ఆచారం. జక్కమ్మ వారి కులదేవత. నేటికీ ఉడుమలపేట ప్రాంతంలోను, దిండిగల్లు, తేని, విరుదునగరం, తూత్తుకుడి సీమలలోను వారి ఇండ్లలో తెలుగు వినబడుతుంది. ఉత్తరాన్నుండి శత్రువులు తరుముతుండగా వచ్చిన తమ పూర్వులకు ఒక పెద్ద నది అడ్డమైనదనీ, అప్పుడు రెండు గట్లమీది కానుగ చెట్లు వంగి వంతెనగా నిలిచి దాటించాయనీ వారు చెప్పుకుంటారు. అందుకే కానుగ వారికి పూజనీయం.

కట్టబొమ్మన వంశాన్ని గురించికూడా అటువంటి కథ ఉన్నది. వేటకు వెళ్ళిన పూర్వుడొకడు ఒకచోట కుందేలు ఎదురుతిరిగి వేటకుక్కలను తరమడం చూశాడట. ఈ నేలలో పౌరుషం ఉన్నదని తలచి అక్కడే కోట కట్టించి, పాంచాలంకురిచ్చి అని పేరుపెట్టాడట. వంశానికి మూలపురుషుడు గెట్టి బొమ్ము అనీ, గట్టివాడు గనుక ఆ పేరు వచ్చిందనీ, ఆ తెలుగు మాటే తమిళుల నోట కట్టబొమ్మన అయినదనీ పెద్దల మాట. విజయనగర స్థాపనకూ మన పెద్దలు ఇటువంటి కుందేటి కథనే చెబుతారు. పొట్టచేత పట్టుకొని దూరదేశం వచ్చినవారు సామానుతోబాటు కథలనుకూడా మూటగట్టుకొని వస్తారు కాబోలు.

పాలెగారి పట్టము

మన కథానాయకుడు 1760 జనవరి 3న పుట్టాడు. తండ్రి జగవీర కట్టబొమ్మన, తల్లి ఆరుముగత్తమ్మ. తమ్ములలో ఒకడు మూగవాడు. ప్రజలు అతనిని ఊమైదొర అని పిలిచేవారు. తమిళంలో ఊమై అంటే మూగ. ఆ మూగ తమ్ముడు అన్నకు కుడిభుజం. కట్టబొమ్మన భార్య పేరు జక్కమ్మ. వారికి సంతానం లేదు. 1790 ఫిబ్రవరి 2న ముప్పైయేండ్ల వయస్సులో ఆయన పాలెగారి పట్టం కట్టుకున్నాడు. ఆయనకు రాచకార్యాలలో తోడు తానాపతి సుబ్రహ్మణ్య పిళ్ళై, తమిళుడు. తెలుగు దొరకు తమిళ మంత్రి. వారిద్దరూ చివరివరకు ఒకరినొకరు విడువలేదు.

ఇంటిదేవత జక్కమ్మ అయినా ఆయన ఇష్టదైవం తిరుచెందూరు స్వామి. తిరుచెందూరునుండి పాంచాలంకురిచ్చివరకు దారి పొడుగునా మండపాలు కట్టించి గంటలు వేలాడదీయించాడనీ, సముద్రపుటొడ్డున స్వామికి నైవేద్యం కాగానే మొదటి గంట మ్రోగేదనీ, అది విని రెండవది, అది విని మూడవది మ్రోగగా కోటలో ఆఖరు గంట విన్నతరువాతనే ఆయన విస్తరి ముందు కూర్చునేవాడనీ ఆ సీమవారు నేటికీ చెబుతారు. తమ దొర ఆంధ్రదేశపు దేవుణ్ణి తలచుకుంటూ కూర్చోక, తమ తీరపు దేవుణ్ణి తనవాడిగా చేసుకున్నాడన్న తృప్తి ఆ ప్రజలకు ఉండినదని మాత్రం ఈ కథవల్ల తెలుస్తుంది.

కప్పము ఎవరికి?

ఇక కష్టం ఎక్కడ వచ్చిందో చూద్దాము. మధుర నాయకుల రాజ్యం 18వ శతాబ్దం నడిమికి ముందే అంతరించింది. పాలెములమీద హక్కు తనదని ఆర్కాటు నవాబు అన్నాడు. నవాబు మహమ్మదాలీ ఇంగ్లీషు కంపెనీకీ, కంపెనీ ఉద్యోగులకూ తలమునుకలుగా అప్పుపడ్డాడు. అప్పుక్రింద పన్ను వసూలుచేసే అధికారాన్ని 1781లో ఒకసారి వారికి అప్పగించాడు. 1792 ఒడంబడికతో పాలెగార్లనుండి కప్పం వసూలుచేసే హక్కు పూర్తిగా కంపెనీకి పోయింది. అంటే, నవాబు చేసిన అప్పును తీర్చవలసినవాడు పాలెగారు. ఆ పాలెగారికి ఇవ్వవలసినవాడు మెట్టపొలంలో వానకోసం ఎదురుచూచే రైతు.

అంతకు ముందే పాంచాలంకురిచ్చి కంపెనీ తుపాకులను చూచింది. 1783లో, తండ్రి కాలంలో, కర్నల్ ఫుల్లర్టన్ సైన్యం ఆ కోటను పట్టుకున్నది. అప్పుడు కోటలో తూత్తుకుడి డచ్చివారితో చేసుకున్న ఒప్పందపత్రం దొరికింది. సముద్రతీరం ప్రక్కన ఉన్న పాలెము గనుక, ఒక పరదేశి వర్తకునికి ఎదురుగా మరొక పరదేశి వర్తకుని నిలుపుకోవాలన్న ఆలోచన వారికి ఉండినదన్నమాట.

1798 మే నాటికి కట్టబొమ్మన చెల్లించవలసిన బాకీ 3,310 వరహాలని కంపెనీవారు లెక్క తేల్చారు. అప్పుడు రామనాథపురంలో ఉన్న కలెక్టరు జాక్సను. పాంచాలంకురిచ్చిమీదికి సైన్యాన్ని పంపాలని అతని పట్టుదల. చెన్నపట్నంలోని పైవారు ఒప్పుకోలేదు. అప్పుడు ఆగస్టు 18న, రెండు వారాలలో రామనాథపురం వచ్చి తనను కలుసుకోవలసిందని కట్టబొమ్మనకు తాఖీదు పంపాడు. పంపి, తాను సవారీకి బయలుదేరాడు.

కట్టబొమ్మన తన పరివారంతో కలెక్టరు వెంట తిరగవలసి వచ్చింది. కుట్రాలంలో కలుసుకోబోతే దర్శనం లేదు. శ్రీవిల్లిపుత్తూరులో కలుసుకోబోతే అక్కడా లేదు. ఇట్లా 23 దినాలు, సుమారు 400 మైళ్ళు. చివరకు సెప్టెంబరు 10న రామనాథపురం కోటలో దర్శనం దొరికింది. ఈలోపల బాకీలో పెద్దభాగం ఆయన చెల్లించేశాడు. మిగిలినది వెయ్యి వరహాలకు కొంచెం ఎక్కువ. అయినా జాక్సను ఆయనకు కూర్చోవడానికి పీట వేయించలేదు. పాలెగారినీ, తానాపతినీ మూడుగంటలసేపు నిలువుకాళ్ళమీద నిలబెట్టి ప్రశ్నలు అడిగాడు. కోట విడిచిపోరాదన్నాడు. సిపాయిలు చుట్టుముడుతున్నారని గ్రహించి కట్టబొమ్మన బయటికి దూసుకువచ్చాడు. వెలుపల కాచుకొని ఉన్న ఊమైదొర తనవారితో వచ్చిపడ్డాడు. కోటవాకిట జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంటు క్లార్కు చనిపోయాడు. పాలెగారు తప్పించుకున్నాడు గాని తానాపతి పట్టుబడ్డాడు.

1959లో వచ్చిన చలనచిత్రాన్ని చూచినవారికి ఈ ఘట్టం వేరుగా జ్ఞాపకం ఉంటుంది. అందులో కట్టబొమ్మన సింహంలా గర్జిస్తాడు. ఆ సంభాషణ పిల్లలకుకూడా కంఠస్థమే. చరిత్రలోని మనిషి గర్జించడానికి రాలేదు. లెక్క తేల్చుకోవడానికి వచ్చాడు. ఎండలో 400 మైళ్ళు తిరిగి వచ్చినవానికి కూర్చోవడానికి చోటు ఇవ్వకపోవడమే ఆ దినం జరిగిన అసలు సంగతి. పరవూళ్ళలో కచేరీల ముందు కాళ్ళు పీకేటట్లు నిలబడిన అనుభవం మన పూర్వులలో ఎందరికి లేదు? మా మట్టుకు మాకు ఆ గర్జనకంటె ఈ నిలబడడమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఆశ్చర్యమేమంటే, కంపెనీవారే విచారణ జరిపి తమ కలెక్టరుదే తప్పని తేల్చారు. ముగ్గురు అధికారుల సంఘం 1798 డిసెంబరులో కట్టబొమ్మనను పిలిపించి విని నిర్దోషి అన్నది. జాక్సను పదవి పోయింది. తానాపతి విడుదలయ్యాడు. కథ అక్కడ ముగిసి ఉంటే కట్టబొమ్మన పేరు నేడు మనకు తెలిసేదికాదేమో.

కయత్తారు చింతచెట్టు

జాక్సను స్థానంలో లషింగ్టన్ వచ్చాడు. ఇతడే తరువాత 1827లో చెన్నరాజధానికి గవర్నరు అయ్యాడు. మనుషులు మారారు గాని కప్పం మారలేదు. ఇదే కాలంలో శివగంగలో మరుదు సోదరులు, దిండిగల్లు సీమలో విరూపాక్షి పాలెగారు గోపాల నాయకుడు, కోయంబత్తూరు సీమలో ఆనైమలై యాదుల్ నాయకుడు చేతులు కలుపుతున్నారు. మరుదువారు తమిళులు, గోపాల నాయకుడు మనవలెనే తెలుగువాడు. కట్టబొమ్మన వారితో కలవాలని చూచాడు. ఆ కూటమిలో చేరని శివగిరి పాలెగారిమీదికి తన మనుషులను పంపాడు. కంపెనీకి కావలసిన సాకు దొరికింది.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పూసుల్తాను మరణించాడు. అంతవరకు మైసూరుమీద పెట్టిన సేనలకు తీరిక కలిగింది. గవర్నరు జనరలు వెల్లెస్లీ ఆజ్ఞతో తిరుచిరాపల్లి, తంజావూరు, మధుర దండులు తిరునల్వేలివైపు కదిలాయి. నాయకుడు మేజరు బానర్మన్. సెప్టెంబరు 4న పాళయంకోటకు వచ్చి లొంగిపోవలసిందని ఆజ్ఞ వచ్చింది. కట్టబొమ్మన పోలేదు. 5వ తేదీన ముట్టడి.

ఆ కోట ఎంత ఉండేదో తెలిస్తే పాఠకులు విస్తుపోతారు. పొడుగు 500 అడుగులు, వెడల్పు 300 అడుగులు. మొత్తం మట్టిగోడ, దానిచుట్టూ ముళ్ళకంచె. మన మధుర మీనాక్షమ్మవారి గుడిలో ఒక మూలకు చాలదు. ఆ మట్టిగోడ మొదటి దాడిని త్రిప్పికొట్టింది. కంపెనీ పక్షాన ఇంగ్లీషు అధికారులుకూడా చనిపోయారు. కాని పెద్ద ఫిరంగులు దారిలో ఉన్నాయి. అవి వస్తే గోడ నిలువదని ఎరిగి, 6వ తేదీ రాత్రి కట్టబొమ్మన తనవారితో కోట విడిచి ఉత్తరంగా పోయాడు.

వెంట తరిమినవారు ఎవరు? ఎట్టయపురం పాలెగారి మనుషులు. వారు కూడా రాజకంబళం వారే; వారి ఇంటిభాషకూడా తెలుగే. సరిహద్దు పొలాలగురించి ఆ రెండు పాలెములకు ఏనాటినుండో పగ. ఆ పగను కంపెనీవారు తమ పనికి వాడుకున్నారు. దారిలో తానాపతి పట్టుబడి నాగలాపురంలో మరణశిక్ష పొందాడు. అతని తలను పాంచాలంకురిచ్చిలో వెదురుబొంగుమీద నిలిపారు. కట్టబొమ్మన పుదుక్కోట అడవులలో తలదాచుకోగా, కంపెనీకి మిత్రుడైన తొండైమాన్ ఆయనను పట్టి అప్పగించాడు.

1799 అక్టోబరు 16న కయత్తారులో, చుట్టుప్రక్కల పాలెగార్లనందరినీ పిలిపించి కూర్చోబెట్టి, వారి ఎదుట విచారణ జరిపారు. శిక్ష అక్కడే చెప్పారు. అక్కడే చింతచెట్టుకు ఉరితీశారు. అప్పటికి ఆయన వయస్సు 39. ఆ దినం సంగతులు మనకు ఎక్కువగా తెలిసినది ఉరితీయించిన బానర్మన్ పైవారికి వ్రాసిన ఉత్తరంవల్లనే. దాని సారాంశం ఇది: విచారణ జరుగుతున్నంతసేపు ఆ మనిషి జంకలేదు, ఎదురుగా కూర్చున్న ఎట్టయపురం, శివగిరి పాలెగార్లను చులకనగా చూచాడు, చెట్టుదగ్గరకు ధైర్యంగా నడిచాడు, నడుస్తూ, మూగ తమ్ముడు ఏమవుతాడో అని కొంత కలతపడ్డాడు, కోట విడిచి రాకుండా అందులోనే పోరాడి చనిపోయి ఉంటే బాగుండేదని విచారించాడు. శత్రువు తన పైవారికి వ్రాసుకున్న ఉత్తరంలో ఇంతమాట దొరికిందంటే, దానికంటె గొప్ప సాక్ష్యం ఏమి కావాలి?

మూగ తమ్ముడు

అన్న కలత ఊరికే పోలేదు. కోట పడగొట్టి, తమ్ములను పాళయంకోట చెరలో పెట్టారు. 1801 ఫిబ్రవరి 2న మారువేషాలతో వచ్చిన తమవారి సాయంతో వారు చెర దాటారు. కంపెనీ దండు తరుముకుంటూ పాంచాలంకురిచ్చి చేరేసరికి, నేలమట్టమైన కోట వారం తిరగకముందే మళ్ళీ లేచి ఉన్నది! ఊరూరా ప్రజలు వచ్చి మట్టి మోశారు. తూత్తుకుడి రేవుకూడా వారి వశమయింది. అక్కడ పట్టుబడిన ఒక ఇంగ్లీషు ఉద్యోగిని కోటకు తీసుకుపోగా, అతని భార్య వెంటవచ్చి బ్రతిమాలుకున్నదనీ, ఏ హానీ చేయక అతనిని విడిచిపెట్టారనీ చరిత్రకారులు వ్రాశారు.

మార్చి 31న కంపెనీవారి పెద్ద దాడి విఫలమయింది. మే 24న కర్నల్ ఆగ్న్యూ నాయకత్వాన ఫిరంగులతో వచ్చి కోట పట్టుకున్నారు. ఆ యుద్ధంలో ఉన్న వెల్ష్ అనే ఇంగ్లీషు సైనికోద్యోగి 1830లో అచ్చువేసిన తన గ్రంథంలో ఊమైదొరనుగురించి వ్రాసిన ఘట్టం మరువరానిది. గాయపడిన కొడుకును వెదుక్కుంటూ ఒక తల్లి యుద్ధభూమికి వచ్చింది. కొనయూపిరితో ఉన్న కొడుకు, తనను విడిచి ప్రక్కన పడిఉన్న దొరను కాపాడమని తల్లిని కోరాడు. ఆమె, ఆమె వెంటవచ్చినవారు ఊమైదొరను మోసుకొని పల్లెకు చేర్చారు. ఎట్టయపురంవారు వెదకుతూ రాగా, ఆయనమీద తెల్లగుడ్డ కప్పి, అమ్మవారు పోసి చనిపోయిన పిల్లవాడని చెప్పి ఏడ్చారు. వెదకవచ్చినవారు భయపడి వెళ్ళిపోయారు. ఆ తల్లి పేరు చరిత్రలో లేదు. ఆమె కన్నకొడుకును యుద్ధభూమిలో విడిచి, మూగవాడైన దొరను బ్రతికించింది.

ఊమైదొర శివగంగ చేరి మరుదు సోదరులను కలిశాడు. జూన్ 16న మరుదువారు తిరుచిరాపల్లి కోటగోడమీదా, శ్రీరంగంలోనూ ప్రకటన అంటించి, అన్ని కులాలవారూ ఏకమై పరదేశీయులను ఎదిరించాలని పిలిచారు. అది నిలువలేదు. అక్టోబరు 24న మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరితీశారు. నవంబరు 16న ఊమైదొరను తెచ్చి పాంచాలంకురిచ్చిలోనే ఉరితీశారు. విరూపాక్షి గోపాల నాయకునికీ ఆ సంవత్సరంలోనే అదే గతి. మరుసటి యేడు, 1802లో, 73 మందిని తూత్తుకుడి రేవులో ఓడ ఎక్కించి పినాంగు దీవికి ద్వీపాంతరం పంపారు.

కోయంబత్తూరు సోదరులుకూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1800 జూన్ 3న కోయంబత్తూరులోని కంపెనీ దండుమీద పడాలని ఈ కూటమివారే పన్నాగం పన్నారు. అది ముందుగా తెలిసిపోయి, 42 మందిని ఉరితీశారు. కనుక ఇది ఒక్క తిరునల్వేలి సీమ కథ కాదు. నొయ్యలు ఒడ్డునుండి తామ్రపర్ణి ఒడ్డువరకు సాగిన కథ.

న్యాయంగా చెప్పుకోవలసినవి

పాంచాలంకురిచ్చి కోటను దున్నించి ఆముదాలు చల్లించారనీ, ఊరిపేరు పటాలనుండి తీయించారనీ అంటారు. భూములను ఎట్టయపురంవంటి పాలెములకు పంచిపెట్టారు. అయినా గాథలు పాడేవారి నోరు కట్టడం ఎవరి తరమూ కాలేదు. ఆ కథాగేయాలన్నీ తమిళంలోనే పుట్టాయి. తమిళ పల్లెలవారు రాత్రిళ్ళు కూర్చుండి ఒక తెలుగు ఇంటి అన్నదమ్ములకోసం కన్నీరు పెట్టారు. ఇంటిలో ఏ భాష మాట్లాడేవారని వారు అడుగలేదు.

ఆయన ఇరుగుపొరుగు పల్లెలను కొల్లగొట్టాడనికూడా కంపెనీ కాగితాలలో ఉన్నది. ఆ మాట పట్టుకొని ఆయనను దొంగ అన్నవారు ఉన్నారు. పాలెగార్లు ఒకరి పొలిమేరలలోకి ఒకరు చొరబడడం ఆ కాలపు అలవాటే. కట్టబొమ్మన అందుకు అతీతుడని మేము వాదించము. దోషం లేని మనిషిని పూజించడం సులభం. దోషాలున్నా, తలవంచితే బ్రతికిపోయే వేళ తలవంచనివాణ్ణి గౌరవించడం కష్టం, అదే కావలసినది.

ఎట్టయపురంవారికికూడా న్యాయం జరగాలి. తమిళంలో నమ్మకద్రోహికి ఎట్టప్పన్ అన్న పేరు సామెతగా నిలిచిపోయింది. ఇది తరతరాలుగా మోయవలసిన బరువు. అదే ఎట్టయపురం సంస్థానం ముత్తుస్వామి దీక్షితులవారిని ఆదరించింది. 1835లో ఆయన అక్కడనే సిద్ధిపొందారు. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథం 1904లో తెలుగు లిపిలో అచ్చయినది అక్కడే. మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టినది ఆ ఊళ్ళోనే. ఒక తరం చేసిన పనికి ఊరంతటినీ, వంశమంతటినీ నిందించడం తగదు. కాని ఆ పని నేర్పే పాఠాన్ని మరువడమూ తగదు. పాంచాలంకురిచ్చిని పడగొట్టినవి ఫిరంగులు మాత్రమే కావు. ఒకే భాష మాట్లాడే రెండు ఇండ్లమధ్య పొలంగట్టు తగవు. సంఘాలు పెట్టుకొని, ఏడాది తిరగకుండా రెండుగా చీలే అలవాటు ఉన్న మనకు ఇది మరీ అవసరమైన పాఠం.

మనకు మిగిలినది

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కట్టబొమ్మన పేరు మళ్ళీ వెలుగులోకి వచ్చింది. బి. ఆర్. పంతులు 1959లో తీసిన చిత్రంలో శివాజీ గణేశన్ ఆ పాత్ర ధరించి, మరుసటి సంవత్సరం కైరో చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడుగా గౌరవం పొందాడు. అదే చిత్రం తెలుగుమాటలతో వీరపాండ్య కట్టబ్రహ్మన అన్న పేరుతో మనవారినీ చేరింది. కయత్తారులో ఉరితీసినచోట ఆ నటుడే స్థలం కొని విగ్రహం నిలిపాడు. 1974లో తమిళనాడు ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో స్మారకంగా కోట కట్టించింది. 1999లో, ఇన్నూరేండ్లు నిండిన సందర్భంలో, భారత ప్రభుత్వం తపాలాబిళ్ళ వెలువరించింది. మన నౌకాదళం దక్షిణతీరంలోని తన స్థావరమొకదానికి ఆయన పేరు పెట్టుకున్నది. పటాలనుండి తీసివేశారన్న ఊరికి నేడు బస్సులు పోతున్నాయి. చిత్తిరై నెలలో జక్కమ్మవారి తిరునాళ్ళకు నలుదిక్కులనుండి జనం చేరుతారు. దుందుభి మ్రోతకు రాజకంబళంవారు దేవరాటం ఆడుతారు.

మధురనుండి తిరునల్వేలికి పోయే పెద్దబాట కయత్తారుమీదుగానే పోతుంది. తిరుచెందూరు యాత్రకు మనవారు ఏటా వెళుతూనే ఉంటారు. ఆ దారిలో ఒక పూట ఆగి, కయత్తారులోనూ పాంచాలంకురిచ్చిలోనూ పిల్లలకు ఈ కథ తెలుగులో చెప్పవలసిందని మా మనవి. తెలుగువాడు గనుక మనవాడు, మీవాడు కాడని తమిళ సోదరులతో వాదించడానికి కాదు. ఆయన వారివాడు కాకపోతే ఇన్నూరేండ్లు వారి పాటలలో బ్రతికి ఉండేవాడుకాడు. ఇంటిలో జక్కమ్మకు తెలుగులో మ్రొక్కుకొని, తిరుచెందూరు గంట విన్నతరువాత అన్నం ముట్టి, తమిళ మంత్రిని ప్రక్కన ఉంచుకొని, తన చుట్టూ ఉన్న రైతులకు వచ్చిన కష్టాన్ని తన కష్టంగా తీసుకున్నాడు గనుకనే ఆ నేల ఆయనను తన కొడుకుగా చెప్పుకున్నది. తాతలనాడు వలసవచ్చిన మనం ఇంటి భాషనూ విడువనక్కరలేదు, ఊరి సుఖదుఃఖాలకూ వెలిగా ఉండనక్కరలేదు అని చెప్పడానికి ఇంతకంటె మంచి కథ మాకు తోచలేదు.

చింతచెట్టుక్రింద నిలబడి కట్టబొమ్మన దిగులుపడినది మాట రాని తమ్ముణ్ణిగురించి. ఆ తమ్మునికోసం ఊరంతా మాట్లాడింది. నేడు మన ఇండ్లలో మాట రాకుండా పోతున్నది తెలుగు. దానికోసం మాట్లాడవలసినవారము మనమే. ఈ కొత్త సంవత్సరం మన పిల్లల నాలుకమీద పచ్చడితోబాటు నాలుగు తెలుగు మాటలనుకూడా నిలుపుగాక అని ఆశిస్తూ, సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకుంటున్నాము.